స్టిల్ 070 పాత మోడల్ చైన్ సా (మొద్దులు కోసే పెట్రోల్ రంపం): వేడెక్కితే ఆగిపోతోంది, పార్టులు ఒరిజినలా చైనావా?

మొద్దుకోత:
ప్లాటినం పాయింట్ల (నిప్పురవ్వ కోసం తెరుచుకుని మూసుకునే కాంటాక్టుల) 070. చల్లగా ఉన్నప్పుడు రెండో లాగుడుకే అందుకుంటుంది. కాసేపు తుమ్మ మొద్దు కోశాక ఆపితే చల్లారేదాకా మళ్ళీ లేవదు. పక్కకు వంచితే ఐడిల్ పెరుగుతోంది. కార్బొరేటర్ కిట్, ఆయిల్ సీళ్ళు, కండెన్సర్ మూడూ మార్చేద్దామనుకుంటున్నా. చైనా మాల్ సరిపోతుందా? చైన్ కూడా అరిగింది, ఏ సైజు తీసుకోవాలి? నంబర్లు తెలిసినవాళ్ళు చెప్పండి.

బోరుపిస్టన్:
మూడూ ఒకేసారి మార్చొద్దు. మారిస్తే తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తెలియదు. వేడి మీద ఆగిన వెంటనే ప్లగ్ విప్పి, టోపీకి పెట్టి, ప్లగ్ మరను సిలిండర్ రెక్కకు ఆనించి తాడు లాగు. ప్లగ్ రంధ్రానికి దూరంగా పట్టుకో, లోపలి పెట్రోల్ ఆవిరి అంటుకుంటుంది. నిప్పురవ్వ లేకపోతే కాయిలో కండెన్సరో పోయినట్టు. రవ్వ నీలంగా, గట్టిగా ఉంటే గొడవ పెట్రోల్ వైపు. వంచితే ఐడిల్ పెరగడం వేరే జబ్బు. క్రాంకు షాఫ్టు చుట్టూ ఉండే ఆయిల్ సీలు గాలి లాగుతోంది, లేదా మెయిన్ బేరింగు వదులైంది. మ్యాగ్నెట్ చక్రాన్ని చేత్తో పైకీ కిందకీ ఊపి చూడు. ఆట తగిలితే సీలు ఒక్కటే మార్చి లాభం లేదు, కొత్త సీలు కూడా వారంలో చిరుగుతుంది.

తుమ్మచెక్క:
ఈ రోజుల్లో పాత మిషన్లన్నిటికీ ఒకటే రోగం, బంకులో పోసే 20 శాతం ఇథనాల్ పెట్రోల్. కార్బొరేటర్‌లోని పాత డయాఫ్రం (పల్చటి పొర) గట్టిపడిపోతుంది, పాత రబ్బరు పైపు ఉబ్బి మెత్తబడుతుంది. కొలత గ్లాసులో 100 మి.లీ. పెట్రోల్, 10 మి.లీ. నీళ్ళు పోసి కుదిపి పది నిమిషాలు ఉంచండి. కింది పొర 30 దగ్గరికి వస్తే 20 శాతం ఇథనాల్ ఉన్నట్టే. ఆ కింది పొర తీసేసి పై పెట్రోల్ వాడుకోవచ్చు.

గేరుపెట్టె:
ఆ చివరి మాట దయచేసి ఎవరూ పాటించకండి. పరీక్షకు నీళ్ళు కలపడం వేరు, కడిగిన పెట్రోల్‌ను ట్యాంకులో పోయడం వేరు. ఇథనాల్ పోతే అది ఇచ్చే ఆక్టేన్ (టక్‌టక్ రాకుండా ఆపే గుణం) కూడా పోతుంది. ఎండలో, ఫుల్ లోడులో టక్‌టక్ మొదలై పిస్టన్ తల తినేస్తుంది. పైగా నీటి తేమ కొంత పెట్రోల్‌లోనే ఉండిపోతుంది.

తుమ్మచెక్క:
మరి ఇథనాల్‌తోనే నడుపుకుంటూ నెలకో డయాఫ్రం మార్చమంటారా? చెప్పేటప్పుడు దారి కూడా చూపించాలి.

గేరుపెట్టె:
చూపిస్తున్నా, చదవండి. ఒకటి, పైపు విటాన్ (ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరు) రకం వేయండి. రెండు, పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్‌లో మిగిలింది అయిపోయేదాకా ఐడిల్‌లో నడిపి ఆపండి. మూడు, కలిపిన పెట్రోల్ నెల దాటి నిల్వ పెట్టొద్దు. నాలుగు, ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత సెట్టింగు మీద ఇంజన్ లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) అవుతుంది. ఫుల్ స్పీడులో పెట్రోల్ సర్దే హెచ్ స్క్రూను ఎనిమిదో వంతు చుట్టు బయటికి తిప్పి మళ్ళీ ట్యూన్ చేయండి. అంతేగానీ వంటింట్లో పెట్రోల్ కడగడం దారి కాదు.

ఆకురాయి:
లీన్ అంటున్నారు కదా, అసలు అందరూ ఆయిల్ తక్కువ పోస్తున్నారు. పాత మిషన్‌కు 25కి 1, అంటే లీటరుకు 40 మి.లీ. 50కి 1 అని 20 మి.లీ. పోసి బోరు (పిస్టన్ ఆడే సిలిండర్) కాల్చుకుంటున్నారు.

బోరుపిస్టన్:
అది పాత కాలపు ఆయిల్ లెక్క. ఇప్పటి జాసో ఎఫ్‌డీ గ్రేడు టూటీ (టూ-స్ట్రోక్) ఆయిల్ 50కి 1 లోనే సరిపోతుంది. ఎక్కువ పోస్తే సైలెన్సర్ జాలీ మసి పడుతుంది, రింగు గాడిలో అతుక్కుంటుంది. పైగా ఆయిల్ పెరిగితే పెట్రోల్ తగ్గి లీన్ అవుతుంది.

ఆకురాయి:
లెక్క వేసి మాట్లాడండి. ఒక లీటరు కలిపిన ఇంధనంలో 50కి 1 అయితే పెట్రోల్ 980 మి.లీ., 25కి 1 అయితే 962. తేడా రెండు శాతం కూడా లేదు. పావు చుట్టు లోపే స్క్రూ సర్దుకుంటుంది. రోజంతా ఫుల్ థ్రాటిల్‌లో మొద్దులు కోసే 106 సీసీ ఇంజన్‌కు క్రాంకు బేరింగు బతకాలంటే ఆయిల్ కావాలి. మసి గీకేయొచ్చు, బేరింగు గీకలేం.

బోరుపిస్టన్:
పడవ ఇంజన్ల టీసీ-డబ్ల్యూ3 ఆయిల్ పోసి 25కి 1 అనేవాళ్ళ బోర్లే ఎక్కువ వస్తున్నాయి బల్ల మీదకు. అది నీళ్ళతో చల్లబడే ఇంజన్ల ఆయిల్. ముందు డబ్బా మీద గ్రేడు చదవండి, నిష్పత్తి తర్వాత మాట్లాడుకుందాం.

ఆకురాయి:
పడవ ఆయిల్ పోయమని నేనెక్కడ అన్నాను? అనని మాట అంటగట్టకండి.

పార్టులబజారు:
అసలు అడిగింది పార్టులు. స్టిల్ నంబరులో 11 అంకెలుంటాయి. మొదటి నాలుగు మోడల్ కుటుంబం, తర్వాతి మూడు భాగం గుంపు, చివరి నాలుగు ఆ పార్టు. 070, 090 రెండూ 1106. 1106 020 అంటే సిలిండర్ వైపు, 1106 120 అంటే కార్బొరేటర్ వైపు. 9తో మొదలయ్యేవి బేరింగులు, సీళ్ళు, బోల్టులు లాంటి స్టాండర్డ్ సామాను. వాటికి మిషన్ షాపు అక్కర్లేదు. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం వెర్నియర్‌తో కొలిచి బేరింగుల కొట్లో అడిగితే దొరుకుతాయి. బేరింగు సీ3 క్లియరెన్సుదే (లోపల సందు కాస్త ఎక్కువ ఉండేది) అడగండి. మామూలుది వేస్తే వేడెక్కాక బిగుసుకుంటుంది.

ఒక జాగ్రత్త. కుటుంబం ఒకటే అని 090 బోరు 070కి రాదు. స్ట్రోకు రెండింటికీ 40 మి.మీ.నే, బోరు 070కి 58, 090కి 66. అమ్మేవాడు పెట్టె మీద రెండు పేర్లూ రాస్తాడు. పిస్టన్ కొలవకుండా డబ్బు ఇవ్వొద్దు.

మొద్దుకోత:
పరీక్ష చేశా. వేడి మీద రవ్వ అసలు లేదు. చక్రంలో ఆట తగల్లేదు.

నిప్పురవ్వ:
అయితే జ్వలన భాగం నాకు వదిలేయండి, మ్యాగ్నెట్ల పనిలో నా అంత లోతుకు వెళ్ళినవాళ్ళు ఇక్కడ లేరు. ముందు పాయింట్లు. పూర్తిగా తెరుచుకున్నచోట ఫీలర్ గేజ్‌తో 0.35 నుంచి 0.4 మి.మీ. పెట్టు. పాయింట్ల మొహం నల్లగా కాలి గుంట పడితే కండెన్సర్ పోయినట్టు. పాయింట్లు మెరుస్తూ ఉండి వేడికి మాత్రమే రవ్వ పోతే కాయిల్. లోపలి సన్న తీగ వేడికి విడిపోతుంది, చల్లారితే మళ్ళీ తగులుకుంటుంది. మల్టీమీటరుతో చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి ఓమ్స్ చూడు. వేడిలో అంతులేని రీడింగ్ వస్తే కాయిల్ మార్చడమే.

పాయింట్లూ కండెన్సరూ పీకేసి రెండు వైర్ల ఎలక్ట్రానిక్ మాడ్యూల్ కూడా వేయొచ్చు. రవ్వ రాకపోతే వైర్లు తారుమారు చేసి చూడు. వచ్చాక టైమింగ్ కొద్దిగా జరిగి ఉంటుంది, చూసి సర్దుకో. చక్రం కింది తాళంచీల సగం తెగి ఉన్నా టైమింగ్ తప్పుతుంది, అది కంటికి ఆనదు, చక్రం తీసి గాడి చూడాలి.

గేరుపెట్టె:
సీళ్ళు మాత్రం వదిలేయొద్దు. ఇన్‌టేక్, సైలెన్సర్ నోళ్ళు సైకిల్ ట్యూబు ముక్కలతో మూసి, 0.5 బార్ గాలి పెట్టి 20 సెకన్లు చూడు. సబ్బునీళ్ళు పూస్తే కారేచోట బుడగలు వస్తాయి.

తుమ్మచెక్క:
బీపీ మిషన్ బల్బుతో అయిపోతుంది కదా, పంపు కొనక్కర్లేదు.

గేరుపెట్టె:
బీపీ మీటరు 300 దగ్గర ఆగుతుంది, అది 0.4 బారే. ఒత్తిడి పరీక్షకు ఎలాగోలా సరిపెట్టుకోవచ్చు. కానీ లోపలి నుంచి గాలి నెట్టితే సీలు పెదవి షాఫ్టుకు ఇంకా అంటుకుంటుంది, చిరిగిన సీలు కూడా పాస్ అవుతుంది. వ్యాక్యూమ్ పరీక్ష తప్పనిసరి. 0.5 బార్ వ్యాక్యూమ్ పెడితే 20 సెకన్లలో 0.3 కంటే కిందికి పడిపోకూడదు. కొత్త సీలు స్ప్రింగు వైపు లోపలికి ఉండాలి.

రంపంపొట్టు:
చైనా బోరు గురించి ఎవరూ చెప్పలేదు. పనికొస్తుంది, కానీ పెట్టెలోంచి తీసి నేరుగా బిగించొద్దు. పోర్టుల అంచులు కత్తిలా ఉంటాయి, సన్న ఆకురాయితో గుండ్రం చేయాలి, లేకపోతే రింగు అక్కడే తగులుకుని విరుగుతుంది. పిస్టన్ మీది బాణం సైలెన్సర్ వైపు ఉండాలి. సర్‌క్లిప్ నోరు పైకో కిందికో, పక్కకు మాత్రం వద్దు. ఒరిజినల్ సిలిండర్ సీజ్ అయినా పారేయకండి. అంటుకున్నది పిస్టన్ అల్యూమినియమే. బోరు పూత క్రోమ్ అయితే ఆసిడ్ వద్దు, క్రోమ్‌ను కూడా తినేస్తుంది. నికాసిల్ (నికెల్ రకం) పూత అయితేనే సిలిండర్ విప్పి, దూదిపుల్లతో హైడ్రోక్లోరిక్ ఆసిడ్ ఆ మచ్చ మీదే తాకించండి. బుస ఆగితే అల్యూమినియం అయిపోయినట్టు. పోర్టుల్లోకి జారితే సిలిండర్‌నే తినేస్తుంది. తర్వాత తినే సోడా నీళ్ళు, మంచి నీళ్ళు, ఆయిల్. కింద బోరు పూత లేచిపోయి ఉంటే ఇంక లాభం లేదు.

ఆకురాయి:
క్రోమ్ పూత బోరులో క్రోమ్ రింగు వేయకూడదని కూడా చెప్పండి. రెండూ ఒకదాన్నొకటి కోసుకుంటాయి, పోత ఇనుము రింగే వేయాలి.

బోరుపిస్టన్:
ఈ ఒక్క మాట ఒప్పుకుంటా.

పార్టులబజారు:
చైన్: 070కి మామూలుగా 0.404 అంగుళాల పిచ్ (లింకుల దూరం కొలత), 1.6 మి.మీ. గేజ్ (బార్ గాడిలో నడిచే పంటి మందం). డ్రైవ్ లింకులు (ఆ గాడిలో నడిచే పళ్ళు) లెక్కపెట్టి చెబితేనే కొట్టువాడు సరిగా కత్తిరిస్తాడు, బార్ పొడవు చెబితే తప్పొస్తుంది. ఆకురాయి గుండ్రంది 5.5 మి.మీ., కోణం 30 డిగ్రీలు. ఎండిన తుమ్మకు, తాటి మొద్దుకు డెప్త్ గేజ్ (కోసే పంటి కంటే దాని ముందున్న మెట్టు ఎంత కిందికి ఉందో ఆ కొలత) 0.65 మి.మీ. దాటించొద్దు.

మొద్దుకోత:
క్లచ్ వెనకాల సీలు తీయాలంటే క్లచ్ కదలట్లేదు. ఎటు తిప్పాలి?

బోరుపిస్టన్:
చాలా స్టిల్ మోడళ్ళలో క్లచ్ ఎడమ మర, దాని మీద బాణం గుర్తుంటుంది, ముందు అది చూడు. ప్లగ్ రంధ్రంలోంచి నైలాన్ తాడు దూర్చి పిస్టన్‌ను ఆపు. పిస్టన్ పైకి వచ్చి సైలెన్సర్ పోర్టును పూర్తిగా మూసేశాకే తాడు వేయి, లేకపోతే అంచున నలిగి తాడు ముక్క లోపలే ఉండిపోతుంది.