బెర్లిన్ గోడ కింద సొరంగం కథ: అక్క తన భర్తకు చెప్పకుండా ఎందుకు బయలుదేరింది?

ప్రశ్న:

1962 నాటి బెర్లిన్ నేపథ్యంగా తీసిన ఒక ధారావాహికను ఈ వారమే పూర్తిచేశాను. నటన మీద నాకు ఫిర్యాదు లేదు గానీ, పాత్రలు తీసుకున్న కొన్ని నిర్ణయాలు మాత్రం ఎంత ఆలోచించినా మింగుడుపడడం లేదు. పశ్చిమ బెర్లిన్‌లో ఉంటున్న తమ్ముడు, స్నేహితులతో కలిసి గోడ కింద సొరంగం తవ్వి, తూర్పు వైపు చిక్కుకుపోయిన అక్కనూ ఆమె పసిబిడ్డనూ తప్పించడం ఇందులోని కథ.

గోడ మొదలైన 1961 ఆగస్టు 13కు ముందు నగర రైలెక్కి అవతలికి వెళ్లిపోయే వీలున్నప్పుడు ఆమె ఎందుకు కదలలేదు? తమ్ముడు తానే వెళ్లి చెప్పకుండా, కనీసం ఫోన్ అయినా చేయకుండా, అక్క ఎన్నడూ చూడని ఒక విదేశీ యువతి చేత కబురు ఎందుకు పంపాడు? అన్నిటికంటే పెద్ద సందేహం ఆమె భర్త గురించి. ఆయన దుర్మార్గుడని గానీ, ప్రభుత్వ పక్షం మనిషని గానీ కథలో ఎక్కడా లేదు. అయినా ఆమె ఆయనకు రాత్రి భోజనం బల్ల మీద మూతపెట్టి, పాలసీసా ఒక్కటి చేతిసంచిలో వేసుకుని, బిడ్డతో వెళ్లిపోతుంది. దీన్ని ధైర్యమని చూపించడం సమంజసమేనా?

మొదటి సమాధానం:

మీ మొదటి రెండు సందేహాలకు జవాబు ఆనాటి పరిస్థితుల్లోనే ఉంది. తూర్పు, పశ్చిమ బెర్లిన్‌ల మధ్య టెలిఫోన్ లైన్లను 1952లోనే తెంచేశారు. అవి మళ్లీ కలిసింది 1971లో. గోడ మొదలైన కొద్ది రోజులకే పశ్చిమ బెర్లిన్ వాసులకు తూర్పు వైపు ప్రవేశం మూసేశారు, 1963 క్రిస్మస్ నాటి అనుమతి పత్రాల ఒప్పందం దాకా వారికి దారే లేదు. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారు మాత్రం తనిఖీలు దాటి వెళ్లి రాగలిగేవారు. కాబట్టి ఆ యువతిని పంపడం తమ్ముడి తెలివితక్కువతనం కాదు. అతనికి మిగిలిన కొద్ది మార్గాల్లో అదొకటి.

ముందే ఎందుకు వెళ్లలేదన్నది ఫలితం తెలిసిన మనం వేసే ప్రశ్న. గోడ కట్టే ఉద్దేశం ఎవరికీ లేదని తూర్పు జర్మనీ నేత వాల్టర్ ఉల్‌బ్రిహ్ట్ 1961 జూన్ 15న పత్రికల వారి ముందే చెప్పాడు. రెండు నెలలు తిరక్కుండానే, ఒక ఆదివారం జనం నిద్రలేచేసరికి ముళ్లకంచె పడింది. ఉద్యోగం, ఇల్లు, పసిబిడ్డ ఉన్న మనిషి తెరిచి ఉన్న దారి రేపూ తెరిచే ఉంటుందనుకోవడంలో వింతేముంది?

రెండో సమాధానం:

భర్త విషయంలో నేను ఆమె పక్షమే. 1962 ఆగస్టులో కీఫ్‌హోల్ట్స్ వీధి వద్ద తవ్విన సొరంగం సంగతిని, సహాయకుడిగా నటిస్తూ చేరిన ఒక వేగు రహస్య పోలీసులకు అందించాడు. పారిపోదామని వచ్చినవారు ఎందరో అరెస్టయ్యారు. అది జరిగిన నెల తర్వాతి కథ ఇది. భర్త మంచివాడే కావచ్చు, కానీ ఆయన తన అన్నతో చెబితే, ఆ అన్న ఇంకొకరితో అంటే, అదే రాత్రి సొరంగంలో పాకుతున్న మిగతా కుటుంబాల గతేమిటి? పైగా విచారణలో “నాకు తెలియదు” అని ఆయన నిజమే చెప్పగలడు.

ప్రశ్న అడిగినవారు:

ఫోన్ సంగతి, కబురు సంగతి ఒప్పుకుంటున్నాను. మూడోదానికి మీరిచ్చిన వాదన మాత్రం సొరంగం తవ్వినవారి వైపు నుంచి చెప్పినది. తెలియదని నిజమే చెప్పినంత మాత్రాన ఆయన్ను నమ్మి వదిలేస్తారా? ఆయన ఉద్యోగం ఉంటుందా? బిడ్డను మళ్లీ ఎప్పుడు చూస్తాడు? ఆమె చెప్పలేకపోయిందంటే నమ్ముతాను; చెప్పకపోవడం ఆయన మంచికేనంటే నమ్మలేను.

మూడో సమాధానం:

ఇద్దరి వాదనలోనూ బలముంది గానీ, తప్పు పాత్రది కాదు, రచయితలదని నా అభిప్రాయం. కాఫీ హోటల్‌లో ఆ విదేశీ యువతి అగ్గిపెట్టెను సంకేతంగా బల్ల మీద అడ్డంగా పెట్టగానే అక్క చూపు దాని మీదే ఆగిపోతుంది. ఆ ఒక్క సన్నివేశానికి ఎంతో సమయం ఇచ్చిన రచయితలు, భర్త ఇంటికొచ్చి మూత తీసి చూసే క్షణానికి అర నిమిషం కూడా ఇవ్వలేదు. ఆయన్ను విచారణ గదిలో ఒక్కసారి చూపించి ఉంటే ఆమె నిర్ణయం బరువు మనకు తెలిసేది.

ఇంకొక నిర్ణయం గురించి ఎవరూ అడగలేదు. తమ్ముడు చివరి రాత్రి పిస్తోలు వెంట తీసుకెళ్తే కథ దాన్ని సాహసంగా చూపి సరిపెట్టింది. 1964 అక్టోబరులో స్ట్రెలిట్జర్ వీధి సొరంగం గుండా 57 మంది బయటపడ్డారు; ఆ రాత్రే జరిగిన కాల్పుల్లో ఎగోన్ షుల్త్స్ అనే సరిహద్దు సైనికుడు చనిపోయాడు. సొరంగం వారే చంపారని తూర్పు జర్మనీ ఏళ్ల తరబడి ప్రచారం చేసింది. వారి తూటా ఒకటి ఆయనకు తగిలిన మాట నిజమే గానీ, ప్రాణం తీసింది తోటి సైనికుడి తుపాకీ అని దేశం ఏకమయ్యాక జరిగిన దర్యాప్తులో తేలింది. చీకట్లో, ఇరుకు ప్రాంగణంలో ఆయుధం బయటికొస్తే ఏమవుతుందో తవ్వేవారిలో ఒక్కరైనా ఆ తమ్ముడిని నిలదీయాల్సింది. భర్తకు చెప్పాలా వద్దా అన్నదానికంటే నాకు ఆ మౌనమే ఎక్కువ అసహజంగా అనిపించింది.