ఇన్వర్టర్ ఉన్నా కరెంట్ పోతే హోమ్ సర్వర్ రీస్టార్ట్ అవుతోంది, ఏం చేయాలి?

పేట_లినక్స్

అందరికీ నమస్తే. నరసరావుపేటలో మా ఇంట్లో ఒక పాత డెస్క్‌టాప్‌కి ఉబుంటు సర్వర్ వేసి నడుపుతున్నాను. ప్రోగ్రాములని విడివిడి డబ్బాల్లా నడిపే డాకర్ మీద ఇమ్మిచ్ (ఫొటోలకి), జెల్లీఫిన్ (సినిమాలకి), పై-హోల్ (యాడ్స్ ఆపడానికి) ఉన్నాయి. ఇంట్లో అందరి ఫోన్ల ఫొటోలూ ఇమ్మిచ్‌లోకే వస్తాయి. మా నాయనమ్మ బతికున్నప్పుడు మంగళహారతులు పాడుతుంటే తీసిన వీడియోలు కూడా అందులోనే ఉన్నాయి, వాటి కోసమే అసలు ఈ సర్వర్ మొదలుపెట్టాను. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఇంకో కాపీ ఉంది, అయినా టెన్షన్ పోవట్లేదు.

సమస్య ఏంటంటే, కరెంట్ పోగానే ఇన్వర్టర్ అందుకుంటుంది, ఫ్యాన్ ఆగదు, ట్యూబ్‌లైట్ ఒక్కసారి మినుక్కుమంటుంది అంతే. సర్వర్ మాత్రం ఆగిపోయి మళ్లీ బూట్ అవుతుంది. ప్రతిసారీ అవదు, ఒక్కోసారి తట్టుకుంటుంది. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచిందంటే లైను పోతూ వస్తూ ఉంటుంది కదా, ఇక అప్పుడు వరసగా రీస్టార్ట్‌లే. మొన్న అలా అయ్యాక ఇమ్మిచ్ కాసేపు తెరుచుకోలేదు. ఇమ్మిచ్ వాడే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, దాని లాగ్ చూస్తే డేటాబేస్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదు, రికవరీ జరుగుతోంది అని ఉంది, తర్వాత దానంతట అదే సర్దుకుంది.

విడిగా యూపీఎస్ కొనాలా, ఇన్వర్టర్‌లోనే ఏమైనా మార్చొచ్చా? ఇలా ఆగినప్పుడల్లా డేటాకి నిజంగా ఎంత ప్రమాదం? రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు కంప్యూటర్‌కి మారిపోతే గొడవే ఉండదని ఒక ఫ్రెండ్ అంటున్నాడు, నిజమేనా?

ఇన్వర్టర్_మెకానిక్

తమ్ముడూ, నేను ఇన్వర్టర్లు బిగించే పనిలోనే ఉంటాను, ఈ కంప్లైంట్ బాగా వింటాను. ముందు ఇన్వర్టర్ వెనక చూడు, చాలావాటికి ఒక చిన్న స్విచ్ ఉంటుంది, ఒకవైపు యూపీఎస్ అని, ఇంకోవైపు నార్మల్ అనో ఎకో అనో రాసి ఉంటుంది. నార్మల్‌లో ఉంటే కరెంట్ నుంచి బ్యాటరీకి మారడానికి ఎక్కువ టైమ్ తీసుకుంటుంది, ఫ్యాన్లకీ లైట్లకీ అది తెలియను కూడా తెలియదు. కంప్యూటర్‌కి తెలుస్తుంది. కంప్యూటర్‌కి కరెంట్ అందించే ఎస్ఎంపీఎస్ లోపల ఉన్న పెద్ద కెపాసిటర్లలో మిగిలిన చార్జ్‌తో అది కొన్ని మిల్లీసెకన్లు మాత్రమే నెట్టుకొస్తుంది, ఫుల్ లోడ్ మీద 16, 17 మిల్లీసెకన్లు అనుకో. మన 50 హెర్ట్జ్ కరెంట్‌లో ఒక్క సైకిలే 20 మిల్లీసెకన్లు, అంటే ఒక సైకిల్ కూడా పూర్తి కాకముందే ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి మారిపోవాలి. ఎస్ఎంపీఎస్ పాతబడే కొద్దీ ఆ కెపాసిటర్లు ఎండిపోయి ఆ కాస్త టైమ్ కూడా తగ్గిపోతుంది. నీది ఒక్కోసారి తట్టుకుంటోంది, ఒక్కోసారి పడిపోతోంది అంటే సరిగ్గా ఆ అంచు మీద ఉన్నట్టు.

ముందు స్విచ్ యూపీఎస్ వైపు వేసి చూసి చెప్పు. ఆ ఇన్వర్టర్ ఇచ్చే కరెంట్ మెట్లు మెట్లుగా ఉండే స్క్వేర్ వేవా, మెయిన్ లైన్‌లా నున్నగా ఉండే ప్యూర్ సైన్ వేవా అన్నది కూడా చూసుకో, అది చాలా ముఖ్యం.

డీబీఏ_హనుమకొండ

డేటా ప్రమాదం గురించి నాకు తెలిసింది చెప్తానండి, ఉద్యోగం అదే కాబట్టి.

మీరు లాగ్‌లో చూసిన రికవరీ మెసేజ్ భయపడాల్సింది కాదు, పోస్ట్‌గ్రెస్ తన పని సక్రమంగా చేసిందన్నమాట. ఏ మార్పైనా ముందు వాల్ అనే లాగ్‌లో రాసి, అది డిస్క్ మీదికి చేరిందని ఖాయం చేసుకున్నాకే కమిట్ అయిందని చెబుతుంది, కాబట్టి మధ్యలో కరెంట్ పోయినా లేవగానే ఆ లాగ్ మళ్లీ చదువుకుని ఎక్కడ ఆగిందో అక్కడికి వస్తుంది. ఇదంతా డిస్క్ నిజం చెప్పినంతవరకే. కొన్ని చవక ఎస్ఎస్‌డీలు, కొన్ని యూఎస్‌బీ డిస్క్ కేసులు డేటా ఇంకా క్యాష్‌లో ఉండగానే రాసేశాం అని చెప్పేస్తాయి, అప్పుడు కరెంట్ పోతే పోస్ట్‌గ్రెస్ అయినా చేయగలిగింది లేదు. అందుకని డేటాబేస్ ఫోల్డర్ యూఎస్‌బీ డిస్క్ మీద ఉంటే లోపలి డిస్క్‌కి మార్చండి. స్పీడ్ పెరుగుతుందని ఎవరైనా ఎఫ్‌సింక్ (డేటా డిస్క్ మీదికి చేరేదాకా ఆగే సెట్టింగ్) ఆఫ్ చేయమంటే మాత్రం అస్సలు చేయకండి, ఇప్పుడు మిమ్మల్ని కాపాడుతున్నది అదే.

ఫైల్ సిస్టమ్ సంగతి కొంచెం వేరు. ఉబుంటు మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో జర్నల్ (మార్పులని ముందే రాసుకునే చిట్టా) ఉంది కాబట్టి ఫోల్డర్ల నిర్మాణం చెదరదు, సరిగ్గా ఆ క్షణంలో అప్‌లోడ్ అవుతున్న ఫొటో మాత్రం సగంలో ఆగిపోవచ్చు. పాత ఫొటోలు, మీ నాయనమ్మగారి వీడియోలు చదవడం తప్ప రాయడం ఉండదు కదా, వాటికి కరెంట్ కంటే డిస్క్ ముసలిదవడమే పెద్ద ప్రమాదం. డిస్క్ ఆరోగ్యం చూపించే స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్ పెట్టి హార్డ్ డిస్క్‌కి 5, 197 నంబర్ల విలువలు చూడండి. 5 అంటే పాడైపోతే పక్కన పెట్టి వేరే చోటికి మార్చిన సెక్టార్లు. 197 అంటే చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్లు, అది సున్నా దాటి పెరుగుతుంటే ఆ డిస్క్‌ని ఇక నమ్మొద్దు. సిస్టమ్ లాగ్ చూపించే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో గత బూట్ చివరి లైన్లు కూడా చూడండి, షట్‌డౌన్ మాటే లేకుండా మధ్యలో తెగిపోయి ఉంటే అది పవర్ పోవడమే, కెర్నల్ ఎర్రర్లు కనిపిస్తే కారణం ఇంకోటి వెతకాలి.

రాస్ప్‌బెర్రీ పై గురించి: ఎస్‌డీ కార్డ్ మీద డేటాబేస్ పెట్టి ఇలా కరెంట్ పోయే ఊళ్లో నడపడం నేనైతే ఒప్పుకోను. మారాలనుకుంటే ఎస్ఎస్‌డీ ఉన్న చిన్న మినీ పీసీ చూడండి. పాత డెస్క్‌టాప్ 60 వాట్లు లాగుతుందనుకుంటే నెలకి 43 యూనిట్లు, 10 వాట్ల మినీ పీసీకి 7 యూనిట్లు. మన బిల్లు స్లాబుల్లో ఆ తేడా ఎక్కడ తగులుతుందో మీకే తెలుసు.

ఫ్రిస్కో_నుంచి

నేను టెక్సాస్‌లో ఉంటాను, సర్వర్ ఏలూరులో అమ్మానాన్నల దగ్గర ఉంది. కాబట్టి నాకు ఆగకుండా నడవడం ఎంత అవసరమో, ఆగితే దానంతట అది లేవడం అంతే అవసరం. బ్రదర్, యూపీఎస్ కొంటే యూఎస్‌బీ పోర్ట్ ఉండి, నట్ అనే సాఫ్ట్‌వేర్ సపోర్ట్ లిస్టులో ఉన్న మోడలే తీసుకోండి. బ్యాటరీ అయిపోవస్తోందని యూపీఎస్ చెప్తే నట్ సర్వర్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేస్తుంది.

ఇక్కడ ఎవరూ చెప్పని చిక్కు ఒకటుంది. బయాస్‌లో (మదర్‌బోర్డ్ సెట్టింగుల్లో) కరెంట్ రాగానే ఆన్ అవ్వు అనే సెట్టింగ్ పెట్టుకుంటాం కదా, షట్‌డౌన్ అవుతుండగానే కరెంట్ తిరిగొస్తే యూపీఎస్ అవుట్‌పుట్ ఒక్క క్షణం కూడా ఆగలేదు, అంటే మదర్‌బోర్డ్ లెక్కలో కరెంట్ పోనే లేదు. సర్వర్ ఆఫ్ అయి అలాగే ఉండిపోతుంది, అప్పుడు నాన్నగారికి ఫోన్ చేసి ఆ బటన్ నొక్కండి అని చెప్పాలి. నట్‌లో దీనికి పరిష్కారం ఉంది, షట్‌డౌన్ చివర్లో యూపీఎస్‌కే అవుట్‌పుట్ కట్ చేసి మళ్లీ ఇవ్వమని కమాండ్ పంపుతుంది. అది పనిచేస్తోందో లేదో ఒక ఆదివారం కూర్చుని నిజంగా ప్లగ్ పీకి చూడండి.

పేట_లినక్స్

అందరికీ థాంక్స్. స్మార్ట్ రిపోర్ట్‌లో 5, 197 రెండూ సున్నానే, డేటాబేస్ లోపలి ఎస్ఎస్‌డీ మీదే ఉంది, లాగ్ మధ్యలో తెగిపోయే ఉంది. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్, స్విచ్ నార్మల్‌లో ఉంది. యూపీఎస్ వైపు వేశాక రీస్టార్ట్‌లు ఆగాయి కానీ ఇంకో తలనొప్పి వచ్చింది అన్నా, సాయంత్రం మా వీధిలో ఓల్టేజ్ బాగా పడిపోతుంది, అప్పుడు కరెంట్ ఉండగానే ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి వెళ్లిపోతోంది. అలా రాత్రిదాకా నడిచి, అసలు కరెంట్ పోయేసరికి బ్యాటరీ ఖాళీ.

ఇన్వర్టర్_మెకానిక్

అది మామూలే తమ్ముడూ. యూపీఎస్ మోడ్‌లో సాధారణంగా 180 ఓల్టుల కిందికి వస్తే కరెంట్‌ని వద్దనేస్తుంది, నార్మల్‌లో ఇంకా చాలా తక్కువదాకా ఒప్పుకుంటుంది. నీ వీధికి నార్మలే కరెక్ట్. స్విచ్ వెనక్కి తిప్పేసి, సర్వర్‌కి మాత్రం ఇన్వర్టర్ లైన్ మీద ఒక చిన్న లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ పెట్టు. ఇన్వర్టర్ మారే ఆ క్షణం అది కాస్తుంది, ఓల్టేజ్ కాస్త తగ్గితే లోపల ఉండే ఏవీఆర్ అనే ఓల్టేజ్ సరిచేసే భాగం సర్దుతుంది, ఇన్వర్టర్ బ్యాటరీ కూడా అయిపోయిన రోజు ఫ్రిస్కో బ్రదర్ చెప్పినట్టు సర్వర్‌ని పడుకోబెడుతుంది. నీది సైన్ వేవ్ కాబట్టి ఇబ్బంది లేదు, స్క్వేర్ వేవ్ అయితే చాలా యూపీఎస్‌లు ఆ కరెంట్‌ని తీసుకోక బ్యాటరీ మీదే కూర్చుంటాయి.

600 వీఏ అంటే 360 వాట్ల దాకా వస్తుంది, మీ సర్వర్‌కీ రౌటర్‌కీ చాలు. అటక మీద స్లాబ్‌కి ఆనించి మాత్రం పెట్టకు, ఎండాకాలం అక్కడి వేడికి లోపలి బ్యాటరీ త్వరగా చచ్చిపోతుంది. కింద, గాలి ఆడే చోట పెట్టు.