జ్వరం తగ్గినా తగ్గని బాధలు: మీ అనుభవాలు తెలియజేయండి

గుంటూరు గుమస్తా
అందరికీ నమస్కారం. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో ఇరవై రెండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. 2021 ఏప్రిల్‌లో కరోనా సోకింది. ఆసుపత్రిలో చేరవలసిన అవసరం రాకుండానే జ్వరం తగ్గింది. యార్డు తిరిగి తెరిచాక తేజ రకం మిరప టిక్కీ (బస్తా) ఒకటి విప్పితే అందరితోపాటు నాకూ దగ్గు వచ్చింది, కళ్లు మండాయి, కానీ మిరపకాయ వాసన మాత్రం ఇసుమంతైనా తెలియలేదు. వాసన కొంత తిరిగి వచ్చినా ఇప్పటికీ కాఫీ మాడిన రబ్బరులా తోస్తుంది. ఇంతకంటే నన్ను భయపెట్టినది లెక్క. ఇరవై టిక్కీల తూకాలను నోటితోనే కూడే నేను, పన్నెండో పదమూడో అంకె దగ్గరకు వచ్చేసరికి అంతవరకు కూడిన మొత్తాన్ని మరిచిపోతున్నాను. స్కానింగులో, రక్తపరీక్షలలో ఏ లోపమూ లేదని, ఇదంతా బెంగ వల్లనేనని ఒక వైద్యుడు చెప్పి పంపించారు. ఇటువంటి బాధ పడినవారు ఎవరైనా ఉన్నారా?

లబ్బీపేట నర్సు
గుమస్తా గారూ, ముక్కు, చెవి, గొంతు విభాగంలో చాలాకాలం పనిచేశాను కనుక కొంత చెప్పగలను. వాసనను మెదడుకు చేర్చే నాడి వేరు, ఘాటును, మంటను చేర్చే నాడి వేరు. రెండవది ముఖానికి స్పర్శజ్ఞానాన్నిచ్చే త్రిధార నాడి. మిరపలోని క్యాప్సైసిన్ రేపేది దానినే. కరోనా వైరస్ ముక్కు పైభాగంలో వాసన కణాలకు ఆసరాగా ఉండే కణాలను ప్రధానంగా దెబ్బతీస్తుంది కాబట్టి, మీకు ఘాటు మిగిలి వాసన పోయింది.

స్కానింగు సంగతి కూడా చెప్పాలి. బ్రిటన్‌లో 785 మందికి రెండేసి సార్లు మెదడు స్కాన్లు తీసి, 2022లో ఫలితాలు ప్రచురించారు. రెండు స్కాన్ల మధ్యకాలంలో కరోనా సోకిన 401 మందిలో, ఎక్కువమందికి జబ్బు స్వల్పంగానే వచ్చినప్పటికీ, వాసనతో ముడిపడిన మెదడు భాగాలు మిగతావారికంటే కాస్త ఎక్కువగా తరిగినట్టు తేలింది. వందలమంది స్కాన్లను పోల్చితే బయటపడిన ఆ చిన్న తేడా, ఒక్కరి స్కాన్‌ను ఒక్కసారి చూసే వైద్యునికి కనబడేది కాదు. అందుచేత రిపోర్టు బాగుందన్న మాటతో మీ బాధ అబద్ధమైపోదు.

వాసనకు ఒక సాధన ఉంది. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం, ఈ నాలుగింటినీ ఉదయం, రాత్రి ఒక్కొక్కటిగా, ఆ వాసనను మనసులో తలచుకుంటూ మెల్లగా పీల్చాలి. కనీసం పన్నెండు వారాలు మానకుండా చేయాలి.

సత్యనారాయణపురం టీచర్
నాది నీరసం. ఆ మాట ఎంత చిన్నదో, బాధ అంత పెద్దది. దసరాకు దుర్గమ్మ కొండ మెట్లు ఎక్కాను, ఆ రోజంతా బాగానే ఉన్నాను. మూడవనాడు పక్క మీది నుండి లేవలేక, తల దువ్వుకోవడానికి చేయి ఎత్తలేక ఏడ్చాను. మా అత్తగారు దిష్టి తీశారు, బంధువులు బద్ధకమన్నారు. శ్రమ చేసిన ఒకటి రెండు రోజులకు కుప్పకూలడమే దీర్ఘకాలిక అలసట జబ్బు లక్షణమని తెలియక, ఓపిక పెంచుకోవాలని రోజూ నడక పెంచుతూ పోయి మరింత పాడైపోయాను. ఆ జబ్బుకు క్రమంగా వ్యాయామం పెంచే చికిత్సను ఇవ్వరాదని, వైద్యులకు చికిత్సా మార్గదర్శకాలు ఇచ్చే బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2021లోనే మార్గదర్శకాలను మార్చింది. ఇప్పుడు కూరలు కూర్చునే తరుగుతాను, అలసట రాకముందే పడుకుంటాను, మంచిగా ఉన్న రోజున కూడా మిగిలిన పనులన్నీ ఒక్కసారే ముగించాలన్న ఆశను అణచుకుంటాను. ఈ చివరిదే అన్నింటికంటే కష్టం.

తెనాలి నుండి
మా నాన్నగారికి డెబ్బై ఒకటవ ఏట నడుముకు ఒక పక్కన సర్పి లేచింది. చిన్ననాడు వచ్చిన ఆటలమ్మ వైరస్సే నాడుల మూలాలలో దాగి ఉండి, వయసుతో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు అలా బయటపడుతుందట. మేము పసరు పూయించి నాలుగు రోజులు గడిపాము. పొక్కులు లేచిన 72 గంటలలోపు మందు మొదలుపెట్టడం మేలని తరువాత తెలిసింది. పొక్కులు మాడిపోయి ఏడాదైనా, చొక్కా తగిలితే చాలు, ఆయన ఉలిక్కిపడుతున్నారు. మీ ఇళ్లలో పెద్దవారికి ఒంటికి ఒకే పక్కన మంట, పొక్కులు కనబడితే దయచేసి ఒక్క రోజు కూడా ఆగకండి.

మంగళగిరి ఏఎన్ఎం
తట్టు గురించి కూడా రాయాలనిపించింది. అది తగ్గిపోయాక కూడా పిల్లలను ఇతర జబ్బులు ఎందుకు వెంటాడతాయో 2019లో వెలువడిన ఒక పరిశోధన చూపింది: టీకా వేయించుకోని నెదర్లాండ్స్ పిల్లలలో, అంతకుముందు ఇతర క్రిముల మీద సంపాదించుకున్న ప్రతిరక్షకాలలో (యాంటీబాడీలలో) 11 నుండి 73 శాతం వరకు తట్టు తుడిచిపెట్టింది. తొమ్మిదో నెల టీకా వేయించి, పదహారో నెల తరువాత వేయించవలసిన రెండవ దానిని మరిచే తల్లులను నేను ప్రతి బుధవారం చూస్తున్నాను.

గుంటూరు గుమస్తా
అందరికీ కృతజ్ఞతలు. నర్సు గారు చెప్పినట్టు నాలుగు సీసాలు పెట్టుకుని ఆరు వారాలైంది. లవంగం తెలుస్తోంది, గులాబీ ఇంకా తెలియడం లేదు. టీచర్ గారి మాట విని, ఇరవై టిక్కీలను ఒకేసారి కూడడం మానివేసి, ఐదింటికి ఒక మొత్తం కాగితం మీద వేస్తున్నాను. ఏ రోజు ఎంత నడిచానో, మరునాడు, ఆ మరునాడు ఎలా ఉన్నానో పాత జమాఖర్చుల పుస్తకంలోనే రాసుకుంటున్నాను. ఈసారి వైద్యుని వద్దకు దానిని తీసుకువెళతాను.