ఏఐ, బయోటెక్, సెన్సర్లు కలిసిపోతున్నాయంటున్నారు, అసలు ఎక్కడ కలుస్తున్నాయి?

సందేహాల_పుట్ట:
ఎక్కడ చూసినా ఇదే గోల. నాకు అర్థమైనంతవరకు చేతికి అంటించుకునే షుగర్ సెన్సర్ ఒకటి, దాని రీడింగులు చూసి యాప్ ఏదో చెప్పడం ఒకటి, అంతే కదా, ఇందులో బయోటెక్ ఎక్కడుంది? ఏఐ ఇంత పెరిగాక కూడా షుగర్ చూపించినట్టు స్ట్రెస్ హార్మోన్లు ఎందుకు చూపించట్లేదు? తెలిసినవాళ్లు కాస్త మామూలు భాషలో చెప్పండి ప్లీజ్

ల్యాబ్_పిల్లి:
బయోటెక్ ఆ సెన్సర్ కొసనే ఉందండి. చర్మం కిందకి దిగే సన్నని తీగ మీద చాలావాటిలో గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పూత ఉంటుంది, గ్లూకోజ్‌తో అది రియాక్ట్ అయినప్పుడు పుట్టే కరెంటుని కొలిచి నంబర్ చూపిస్తారు. ఐడియా కొత్తదేం కాదు, అమెరికా సైంటిస్టు లీలాండ్ క్లార్క్ 1962లోనే చెప్పాడు. ఇక హార్మోన్ల సంగతి: గ్లూకోజ్ ఒంట్లో బోలెడంత ఉంటుంది, పైగా దానికి సరిపోయే ఎంజైమ్ ప్రకృతిలోనే రెడీగా దొరికింది. స్ట్రెస్ హార్మోన్ కార్టిసాల్ దానికంటే వేల రెట్లు తక్కువ, ఇన్సులిన్ అయితే కోట్ల రెట్లు. పోనీ యాంటీబాడీతో (ఒక్క పదార్థాన్నే గుర్తుపట్టి అతుక్కునే ప్రోటీన్) పట్టుకుందామంటే గట్టిగా పట్టుకున్నది ఓ పట్టాన వదలదు, వదలకపోతే లెవెల్ మళ్లీ తగ్గిన సంగతి ఎలా తెలుస్తుంది? ల్యాబులో ఒక్కసారి చేసే టెస్టుకి ఓకే గానీ రోజంతా కొలవడానికి కష్టం. ఇది కెమిస్ట్రీ సమస్య, యాప్‌లో ఎంత ఏఐ పెట్టినా తీరదు.

సిగ్నల్_వీరుడు:
+1. ఇంకోటి, ఆ సెన్సర్ కొలిచేది రక్తాన్ని కాదు, కణాల మధ్య ఉండే ద్రవాన్ని, అందుకే కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది, దాని మీద ఒత్తిగిలి పడుకుంటే షుగర్ పడిపోయిందని ఉత్తుత్తి అలారం కూడా కొడుతుంది. తనంతట తనే ఇన్సులిన్ సర్దే మొదటి పంపుకి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో ఓకే చెప్పింది, కానీ అందులో నడిచింది పీఐడీ అనే పాతకాలపు కంట్రోల్ లెక్క, తినేముందు ఎంత తింటున్నదీ మనిషే చెప్పాలి కూడా. సగం చోట్ల ఏఐ అనేది ఉత్త స్టిక్కరే 😄

సందేహాల_పుట్ట:
మరైతే ఏఐ నిజంగా పనికొచ్చేది ఎక్కడ?

ల్యాబ్_పిల్లి:
ప్రకృతిలో దొరకని ప్రోటీన్‌ని డిజైన్ చేయడంలో. డేవిడ్ బేకర్ ల్యాబ్ వాళ్లు 2021లో, టార్గెట్ (పట్టుకోవాల్సిన పదార్థం) అతుక్కోగానే వెలిగే ప్రోటీన్ సెన్సర్లు చేసి చూపించారు, అప్పటికి అది ఎక్కువగా ఫిజిక్స్ లెక్కలతో చేసిన పనే. 2023లో వాళ్లదే ఆర్‌ఎఫ్ డిఫ్యూజన్ అనే ఏఐ టూల్ వచ్చాక కావాల్సిన మాలిక్యూల్‌కి అతుక్కునే ప్రోటీన్లు గీయడం బాగా తేలికైంది. 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో సగం బేకర్‌కి, మిగతా సగం ప్రోటీన్ ఆకారాన్ని ఊహించే ఏఐ ఆల్ఫాఫోల్డ్ చేసిన హస్సబిస్, జంపర్‌లకి. అసలు కలయిక అంటే నా లెక్కలో ఇదే, వాచీలో చాట్‌బాట్ పెట్టడం కాదు. అయినా ఒంట్లో పెట్టాక శరీరం ఊరుకోదు కదా, పరాయి వస్తువని చుట్టూ కణజాలం పేర్చేస్తుంది, దానికింకా సరైన మందు లేదు.

సిగ్నల్_వీరుడు:
డేటా సంగతి కూడా చూడాలి. పల్స్ ఆక్సీమీటర్ నల్లటి చర్మం మీద ఆక్సిజన్‌ని ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తోందని 2020లో అమెరికా హాస్పిటళ్ల డేటాతోనే తేలింది, అలాంటి రీడింగులతో ట్రైన్ చేసిన మోడల్ అదే తప్పుని ఇంకా ధీమాగా చెప్తుంది.

సందేహాల_పుట్ట:
థ్యాంక్స్ ఇద్దరికీ. షుగర్ సెన్సర్ తీసుకునేటప్పుడు మరి ఏం చూడాలి?

ల్యాబ్_పిల్లి:
మార్డ్ అని ఒక పర్సెంటేజ్ ఇస్తారు, ల్యాబ్ రీడింగుకీ దీనికీ సగటు తేడా, ఎంత తక్కువైతే అంత మంచిది. షుగర్ తక్కువగా ఉన్నప్పటి తేడా విడిగా ఇచ్చారేమో చూడండి, చాలామంది అదే వదిలేస్తారు.