జడ వాయువా, ఉత్కృష్ట వాయువా?

ఒంగోలు టీచర్: మొన్న పదో తరగతిలో హీలియం, నియాన్, ఆర్గాన్, జినాన్ లాంటి వాటి గురించి చెబుతూ బోర్డు మీద "జడ వాయువులు" అని రాశాను. వెనక బెంచీ పిల్ల తన జడ ముందుకు లాక్కుని, "వాయువుకి జడేంది టీచర్?" అంది. క్లాసంతా ఒకటే నవ్వు. కొన్ని పుస్తకాల్లో ఉత్కృష్ట వాయువులు అని ఉంటుంది. ఏది వాడమంటారు?

కందుకూరు మాస్టారు: జడమంటే చలనం లేనిదమ్మా. మొద్దుగా కూర్చున్నవాణ్ణి జడపదార్థం అని తిడతాం గదా, అదే. ఆర్గాన్ అన్న పేరుకీ గ్రీకులో సోమరి అనే అర్థం. 1894లో ర్యాలీ, రామ్సే అనే శాస్త్రవేత్తలు దాన్ని గాలిలో పట్టుకున్నారు. దేంతో కలపబోయినా కలవలేదు, ఆ పేరు పెట్టారు. మనం పీల్చే గాలిలో నూటికి దాదాపు ఒక పాలు అదే. స్టీలు గేట్లు అతికే షాపుకెళ్తే ఆర్గాన్ సిలిండర్ కనబడుతుంది. కరిగిన లోహానికి ఆక్సిజన్ తగలకుండా కాపలా కాస్తుంది.

పరమాణువులో ఎలక్ట్రాన్లుండే పొరని కర్పరం అంటాం. సంస్కృతంలో ఆ మాటకు పుర్రె, కుండపెంకు అనే అర్థాలున్నాయి. అందుకే నేను పిల్లలకు "నిండుకుండ తొణకదు" అని చెప్పేవాణ్ణి. లోపలి కర్పరం నుంచి వరసగా ఎలక్ట్రాన్లు లెక్కపెడితే హీలియంలో 2, నియాన్‌లో 2, 8. ఇచ్చేదీ లేదు, పుచ్చుకునేదీ లేదు. సోడియంకి (2, 8, 1) ఒకటి మిగులు, క్లోరిన్‌కి (2, 8, 7) ఒకటి తక్కువ. మన ఇసకపల్లి కొటార్లలో గుట్టలు పోసే ఉప్పులో ఉన్నది ఆ ఒక్కదాని బేరమే. బేరం కుదిరాక సోడియం నియాన్ లెక్కకు, క్లోరిన్ ఆర్గాన్ లెక్కకు వస్తాయి.

పెన్నా గట్టు: సామెత బాగుంది గానీ మాస్టారూ, ఆర్గాన్ దగ్గర మీ కుండ పగిలింది! మూడో కర్పరంలో 18 పడతాయి, ఉన్నవి 8. సగం కూడా నిండకుండానే తొణకడం లేదే? ఆ కర్పరంలో ఎస్, పీ, డీ అని అరలుంటాయి, నిజానికి నిండినవి ఎస్, పీ అరలు. పైనున్న డీ అర శక్తిలో చాలా ఎత్తు, ఎలక్ట్రాన్ అంత తేలిగ్గా ఎక్కదు. ఉన్నవాటినేమో కేంద్రకం గట్టిగా పట్టుకుంది.

ఇక జడ అన్న మాటకు 1962లోనే కాలం చెల్లింది. ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ అనే సమ్మేళనం ఆక్సిజన్ అణువు నుంచే ఎలక్ట్రాన్ లాగేసింది. జినాన్ నుంచి ఎలక్ట్రాన్ ఊడదీయడానికీ దాదాపు అంతే శక్తి చాలని నీల్ బార్ట్‌లెట్ అనే రసాయన శాస్త్రవేత్త గమనించి రెంటినీ కలిపాడు. కలిశాయి! జినాన్ పెద్ద పరమాణువు, బయటి ఎలక్ట్రాన్లు దూరంగా ఉంటాయి, పట్టు సడలుతుంది. బంగారాన్ని ఉత్కృష్ట లోహం అన్నట్టే వీటినీ ఉత్కృష్ట వాయువులు అంటున్నారు: తొందరగా ఎవరితోనూ కలవదు, అసలే కలవదని కాదు. నోరు తిరగని మాటే, ఒప్పుకుంటా.

ఒంగోలు టీచర్: సరే, ఉత్కృష్ట అనే రాసి పక్కన జడ అని కూడా పెడతా, పరీక్షలో ఏదొచ్చినా టెన్షన్ ఉండదు. కుండ సామెత మాత్రం నియాన్ దాకా చెప్పి ఆపేస్తా మాస్టారూ.