జైలా, పైసలా? దెబ్బ తిన్నోనికి కోర్టు ఏం ఇప్పియ్యాలె?

దేవరకొండ పిలగాడు:
గెట్టు పంచాయితీల మా చిన్నాయనను గొడ్డలి కామతోని కొట్టిండ్రు. కుడిచెయ్యి ఇరిగి రాడ్ ఏసిండ్రు, ఇయ్యాల్టికీ ఎద్దుకు పలుపు ముడెయ్యలేడు. కొట్టినోనికి శిక్ష పడ్డది, జరిమానా కూడా పడ్డది, గా జరిమానా సర్కారుకే పోయింది, మాకు రూపాయి రాలే. నేననేది, జైలు కొంచెం తగ్గించినా సరే గానీ దవఖాన ఖర్చు వాని దగ్గర కక్కియ్యాలె. మీరేమంటరు?

పాలమూరు అక్క:
తమ్మీ, నీ బాధ అర్థమైంది గానీ ఈ మాట ఒప్పుకోను. పైసలు కడితే జైలు తగ్గుతదంటే ఉన్నోడు కొట్టకముందే లెక్క ఏసుకుంటడు. మా దిక్కు పెద్దమనుషులు కూసోపెట్టి "ఇంత తీస్కొని రాజీ పడు" అంటరు, బొంబాయి వలస పోయేటోళ్లు వాయిదాలకు ఎన్నిసార్లు వస్తరు, ఇచ్చింది తీస్కొని పోతరు. జైలు జైలే, పరిహారం పరిహారమే, రెండూ కావాలె.

కోర్టు గుమాస్తా:
అక్క చెప్పిందే చట్టంల ఉన్నది. క్రిమినల్ కేసులు ఎట్ల నడపాలె అని చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీల సెక్షన్ 357, 2024 జులై 1 నుంచి దాని జాగల వచ్చిన బీఎన్ఎస్ఎస్‌ల సెక్షన్ 395. జరిమానాలకెల్లి బాధితునికి ఇప్పియ్యొచ్చు, జరిమానా ఎయ్యని శిక్షల వేరేగా పరిహారం కట్టమనొచ్చు, దానికి ఇంతే అని హద్దు లేదు. ఇస్తరా ఇయ్యరా అన్నది ప్రతి క్రిమినల్ కేసుల జడ్జి ఆలోచించి కారణం రాయాలని సుప్రీంకోర్టు 2013ల అంకుశ్ శివాజీ గైక్వాడ్ కేసుల చెప్పింది. కాకపోతే జరిమానాలకెల్లి ఇచ్చేది అప్పీలు తేలేదాకా చేతికి రాదు, అదే గోస. కొట్టినోని దగ్గర ఏం లేకపోతే బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 396 కింద బాధితులకు పరిహారమిచ్చే సర్కారు పథకం ఉన్నది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ చూస్తది. నేరం చేసినోడు దొరక్కపోయినా బాధితుడు అక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చు, రెండు నెలల్ల విచారణ ముగించాలె.

దేవరకొండ పిలగాడు:
అన్నా, ఇందుల ఒక్క ముక్క మాకు ఎవ్వలు చెప్పలే. మా తరఫున సర్కారు వకీలు (పీపీ) అడగలే, అడగాలని మాకు తెల్వదు. నిన్న ట్రంకుపెట్టెల బిల్లుల కవరు తీస్తే మెడికల్ షాపు బిల్లుల మీద అక్షరాలన్నీ పోయినయ్, ఉత్త తెల్లకాయితాలు. చిన్నమ్మ అవే పట్టుకొని కూసున్నది. అక్కా, జైలు తగ్గియ్యాలన్న మాట నేను వాపస్ తీస్కుంటున్న. కానీ తీర్పు రోజు "మీకెంత ఖర్చయింది" అని ఒక్కరన్న మమ్మల్ని అడగాలె గదా!

కోర్టు గుమాస్తా:
అడగాలె తమ్మీ. తీర్పు నకలు, డిశ్చార్జి కాయితం ఉన్నయా? దవఖానల బిల్లుల నకళ్లు అడుగు, అవి పట్టుకొని ముందు న్యాయ సేవాధికార సంస్థ దగ్గరికి పో.