పీ.38 పిస్టల్ స్లైడు మీది ‘సి వి క్యూ’ అక్షరాలు ఎవరివి?

ప్రశ్న:
సభ్యులందరికీ నమస్కారం. నేను ఒహాయోలో ఉంటున్నాను. మా వీధిలో కాలం చేసిన ఒక మాజీ సైనికుడి ఇంటి సామాను అమ్మకానికి పెట్టినప్పుడు, ఒక బిస్కెట్ల డబ్బాలో పాత పిస్టల్ విడిభాగాలు దొరికాయి. అందులో ఒక స్లైడు (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం), ఒక బ్యారెల్ (గొట్టం), ఒక మ్యాగజైను (తూటాలు నింపే పెట్టె) ఉన్నాయి, ఫ్రేము (పిడితో కూడిన కింది భాగం) మాత్రం లేదు. స్లైడు మీద ‘పీ.38’ అని, దాని పక్కన చిన్న అక్షరాలలో ‘సి వి క్యూ’ అని ఉంది. సంవత్సరం ఎక్కడా లేదు. కొన్ని చోట్ల గద్ద బొమ్మ, దాని కింద 88 అన్న అంకె కనిపిస్తున్నాయి. బ్యారెల్ మీద ‘ఎఫ్ ఎన్ హెచ్’ అని, మ్యాగజైను మీద ‘జె వి డి’ అని ఉన్నాయి. ఇన్ని రకాల అక్షరాలు ఉన్నందున ఇవి నకిలీవేమోనని అనుమానంగా ఉంది. ఆ పెద్దాయన రెండవ ప్రపంచ యుద్ధం నుంచి స్వయంగా తెచ్చుకున్న పిస్టలే ఇదని ఆయన కుటుంబసభ్యులు చెప్పారు. దయచేసి వివరించగలరు.

సమాధానం 1:
అక్షరాలు వేర్వేరుగా ఉండడం నకిలీకి గుర్తు కాదండీ, ఆ కాలపు జర్మన్ ఆయుధాల విషయంలో అది సహజమే. ఏ ఆయుధం ఏ కర్మాగారంలో తయారవుతున్నదో శత్రువుకు తెలియకూడదని, జర్మన్ ప్రభుత్వం తయారీదారుల పేర్లకు బదులు సంకేతాక్షరాలు వేయించేది. పీ.38 అప్పటి జర్మన్ సైన్యపు పిస్టల్. దానిని రూపొందించిన వాల్టర్ సంస్థ మొదట 480 అన్న అంకెను, ఆ తరువాత ‘ఎ సి’ అక్షరాలను వాడింది. ఇదే పిస్టల్ చేసిన మౌజర్ సంస్థది ‘బి వై ఎఫ్’. 1945లో అది ‘ఎస్ వి డబ్ల్యూ’గా మారింది. స్ప్రీవెర్క్ అనే మూడవ సంస్థది ‘సి వై క్యూ’. దాని పిస్టళ్లు నేటి చెక్ దేశంలోని హ్రాదెక్ నాద్ నిసౌ పట్టణంలో, అంటే అప్పటి గ్రోటౌలో, తయారయ్యాయి. తక్కిన రెండు సంస్థలు స్లైడు మీద సంవత్సరం వేసేవి, స్ప్రీవెర్క్ వేయలేదు కనుక, మీకు తేదీ కనిపించకపోవడంలో వింత లేదు.

ఇక మీ ‘సి వి క్యూ’ సంగతి. అటువంటి కర్మాగారం లేదు. అక్షరాలు కొట్టే అచ్చులో ‘వై’ అక్షరానికి ఉన్న కింది తోక విరిగిపోయింది, అయినా పని ఆపకుండా ఆ అచ్చునే వాడుతూ పోయారు. తోక తెగిన ‘వై’ చూసేవారి కంటికి ‘వి’ అయింది. దీనిని వేరే సంకేతంగా భావించి ఎక్కువ ధర చెప్పే అమ్మకందారులు ఇప్పటికీ ఉన్నారు. భూతద్దం పెట్టి, పక్క నుంచి వాలుగా టార్చి వెలుగు వేసి చూడండి. తోక మొదలయ్యే చోట చిన్న మొండి ముక్క ఒక్కోసారి కనిపిస్తుంది. గద్ద కింది 88 కూడా స్ప్రీవెర్క్‌నే చూపుతుంది. అది సైన్యం తరఫున అక్కడ సరుకును పరీక్షించి అంగీకరించిన తనిఖీ బృందం సంఖ్య. అంకె లేకుండా స్వస్తిక గుర్తుతో మాత్రమే ఉన్న గద్ద కనిపిస్తే, అది తూటా పేల్చి పరీక్షించినట్లు తెలిపే వేరే ముద్ర. ఈ రెండింటిని కలిపి చదవకూడదు.

‘ఎఫ్ ఎన్ హెచ్’ నేటి చెక్ దేశంలోని స్ట్రకోనిట్జ్ పట్టణంలో ఉన్న బొహీమియా ఆయుధ కర్మాగారం సంకేతం. యుద్ధం చివరి కాలంలో స్ప్రీవెర్క్ ఆ బ్యారెళ్లను తెప్పించుకుని వాడుకుంది. ‘జె వి డి’ ఉత్తర బొహీమియాలో లోహపు సామాను చేసే మరో సంస్థది. మ్యాగజైన్లు అక్కడి నుంచి వచ్చేవి. కనుక మూడు భాగాలకు మూడు సంకేతాలు ఉన్నా, అవి ఒకే పిస్టల్‌వి కావడానికి అడ్డు లేదు. అది తేల్చవలసినవి వరుస సంఖ్యలు (సీరియల్ నంబర్లు). స్లైడు మీది అంకెలూ, వాటి చివరనున్న చిన్న అక్షరమూ బ్యారెల్ మీద కూడా అచ్చంగా అలాగే ఉన్నాయా?

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండీ. స్లైడు, బ్యారెల్ సంఖ్యలు కలవలేదు. అయితే మ్యాగజైను అడుగున స్లైడు సంఖ్యే ఉంది, కానీ అది అచ్చుతో కొట్టినది కాదు, సూదితో గీకినట్లు వంకరటింకరగా ఉంది.

సమాధానం 2:
ఆ గీతలే ఇక్కడ అసలు ఆధారం. యుద్ధంలో సోవియట్ సైన్యానికి చిక్కిన పీ.38లను తరువాత వారి ఆయుధ డిపోలలో విప్పి, శుభ్రం చేసి, మళ్లీ నల్లరంగు పట్టించి భద్రపరిచారు. అప్పుడు విడిపోయిన భాగాలను జత చేసి, విద్యుత్ కలంతో సంఖ్య గీకేవారు. జర్మన్ కర్మాగారం ఆ పని అలా చేయదు. ఇటువంటి పిస్టళ్లు అమెరికా మార్కెట్టుకు ఎక్కువగా 1990ల తరువాతే వచ్చాయి. అందువల్ల, గీతలు నిజంగా ఆ పద్ధతివే అయితే, మీ పొరుగాయన మ్యాగజైనును 1945లో తెచ్చుకుని ఉండరు. ఎప్పుడో కొనుక్కుని ఉంటారు. కుటుంబం అబద్ధమాడిందని కాదు, ఇంట్లో అలా చెప్పుకుంటూ వచ్చి ఉంటారు. స్లైడు మీది అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయా, రుద్ది రంగు వేసినట్లు మొద్దుబారి ఉన్నాయా అన్నది కూడా చూడండి. మొద్దుబారి ఉంటే స్లైడుకూ అలా మళ్లీ రంగు పట్టించి ఉండవచ్చు. ముద్రలు చదవడానికి నూనె, మెత్తటి బ్రష్షు చాలు. ఇత్తడి సామాను తోమినట్లు పాలిష్ పెట్టి తోమితే ఆధారం పోతుంది.

ప్రశ్నించినవారు:
అంచులు మొద్దుబారే ఉన్నాయి, అక్షరాల గుంతలలోకి కూడా నల్లరంగు దిగి ఉంది. ఒక చివరి సందేహం. విశాఖలో ఉన్న మా బావగారికి పాత సైనిక వస్తువులంటే ఇష్టం. ఆ స్లైడును ఆయనకు పార్సిల్‌లో పంపవచ్చునా?

సమాధానం 1:
పంపకండి. అమెరికా ఫెడరల్ చట్టం ఫ్రేమునే ఆయుధంగా లెక్కిస్తుంది కాబట్టి మీ డబ్బా అక్కడ మామూలు వస్తువులా అనిపించవచ్చు, కానీ భారతదేశపు 1959 ఆయుధ చట్టంలో ‘ఆయుధాలు’ అన్న నిర్వచనంలోనే వాటి విడిభాగాలు కూడా ఉన్నాయి. లైసెన్సు లేకుండా పార్సిల్ దిగితే కేసు ఎదుర్కొనవలసినది మీ బావగారు. ముద్రలను దగ్గరగా ఫొటోలు తీసి, పక్కన స్కేలు పెట్టి కొలతలతో సహా ఆయనకు పంపండి.